మూడో కర్పరంలో 18 పడతాయి కదా, మరి పొటాషియంలో 19వ ఎలక్ట్రాన్ నాలుగో దాంట్లోకి ఎందుకు వెళ్తుంది?

సుజాత_తణుకు
మా వీధిలో తొమ్మిది, పది తరగతుల పిల్లలకి సాయంత్రాలు సైన్స్ ట్యూషన్ చెప్తాను. పరమాణు నిర్మాణం పాఠంలో కర్పరాల్లో, అంటే కేంద్రకం చుట్టూ ఉండే పొరల్లో, ఎలక్ట్రాన్లు నింపడం చేయిస్తున్నా. మొదటి దాంట్లో 2, రెండో దాంట్లో 8, మూడో దాంట్లో 18, నాలుగో దాంట్లో 32 అని బోర్డు మీద రాశాను. సోడియం 2,8,1. ఆర్గాన్ 2,8,8. అంతవరకు ఎవరికీ ఇబ్బంది లేదు. పొటాషియం 2,8,8,1 అనగానే ఒక అమ్మాయి లేచి, "టీచర్, మూడో దాంట్లో ఇంకా పది ఖాళీలున్నాయి, ఆ ఒక్కటీ అక్కడే ఉండొచ్చు కదా?" అంది. చివరి కర్పరంలో 8కి మించి ఉండకూడదని గైడులో ఉన్న వాక్యమే చెప్పాను. "ఎందుకు ఉండకూడదు?" అంది. న్యాయమైన ప్రశ్నే. నాలుగు గైడులు తిరగేశాను. అందరూ నియమం అని రాసి ఊరుకున్నారు, కారణం ఒక్కరూ రాయలేదు. ఆ వయసు పిల్లకి అర్థమయ్యేలా, అలాగని అబద్ధం కాకుండా ఎలా చెప్పాలి?

కుప్పం_కుర్రోడు
ఆ అమ్మాయికి నా తరఫున ఒక పెద్ద చాక్లెట్ ఇవ్వండి టీచర్ గారూ. డబ్బులు నేను పంపిస్తా.

లక్ష్మీప్రసన్న_టీచర్
నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. ఈ ప్రశ్న ఏటా వస్తుంది. బస్సు ఉదాహరణ చెప్తే సరిపోతుంది. వెనక సీట్లు ఖాళీగా ఉన్నా జనం ముందు డోరు దగ్గరే నిలబడతారు కదా, అలాగే 19వ ఎలక్ట్రాన్‌కి నాలుగో కర్పరం సుఖంగా ఉంటుంది, అంతే. పదో తరగతిలో 3డీ, 4ఎస్ (మూడో, నాలుగో కర్పరాల్లోని ఉపకర్పరాలు) వస్తాయి, అప్పుడు తెలుసుకుంటారు. తొమ్మిదిలోనే అంతా కుక్కితే పిల్లలు సబ్జెక్టు అంటేనే భయపడతారు.

నాని_ఎంపీసీ
పదో తరగతిలోనూ కారణం చెప్పరు మేడం. బాణం గీతల బొమ్మ ఇచ్చి ఈ వరసలో నింపు అంటారు. నేను ఇంటర్ సెకండియర్, ఇప్పటికీ ఆ బొమ్మే గీస్తున్నా. 4ఎస్ శక్తి 3డీ కన్నా తక్కువ అని బట్టీ వచ్చు. ఎందుకు తక్కువ అంటే నా దగ్గరా జవాబు లేదు.

విశ్రాంత_లెక్చరర్
సుజాత గారూ, కారణం కాసేపు పక్కన పెట్టి ముందు సాక్ష్యం చూపించండి. ఒక పరమాణువు నుంచి ఒక్కో ఎలక్ట్రాన్‌ని ఊడబెరకడానికి ఎంత శక్తి కావాలో కొలిచిన విలువలున్నాయి. అవే అయనీకరణ శక్తులు. ఎలక్ట్రాన్ వోల్టుల్లో ఇస్తున్నా, బోర్డు మీద ఇలాగే రాయండి.

సోడియం: మొదటిది ఊడటానికి 5.14, రెండోది 47.3.
పొటాషియం: 4.34, తర్వాత 31.6.
కాల్షియం: 6.11, 11.9, ఆ తర్వాత 50.9.
స్కాండియం: 6.56, 12.8, 24.8, ఆ తర్వాత 73.5.

అంకెలు ఎక్కడ ఒక్కసారిగా ఎగిరాయో పిల్లల్నే వేలు పెట్టి చూపించమనండి. సోడియంలో, పొటాషియంలో ఒకటి పోయాక, కాల్షియంలో రెండు, స్కాండియంలో మూడు పోయాక. ఆ ఎగిరే చోట ఉన్నది ఆర్గాన్ లాంటి గట్టి అమరిక (సోడియంకైతే నియాన్). పైన వదులుగా ఉన్నవి ఎన్నో అంకెలే చెప్తున్నాయి. నియమం మనం పెట్టింది కాదు, పరమాణువుని కొలిస్తే బయటపడింది. నేను ముప్ఫై ఏళ్ళకు పైగా ఇంటర్ పిల్లలకి చెప్పాను. నియమం ముందు చెప్పి అంకెలు తర్వాత చూపిస్తే తలాడిస్తారు. అంకెలు ముందు చూపిస్తే నియమం వాళ్ళే చెప్తారు.

సుజాత_తణుకు
ఇది చాలా బాగుంది మాస్టారూ. రేపే చేయిస్తా.

నాని_ఎంపీసీ
మాస్టారూ, ఒక్క డౌటు. 19వది వదులుగా ఉందని ఈ అంకెలు చూపించాయి, ఒప్పుకుంటా. కానీ అది మూడో కర్పరంలోనే వదులుగా ఉండొచ్చు కదా? నాలుగో దాంట్లో ఉందని దీన్నిబట్టి ఎలా తేలింది?

కుప్పం_కుర్రోడు
రెండో చాక్లెట్ నానికి.

అనఘ_స్పెక్ట్రా
నాని అడిగిందే అసలు ప్రశ్న. నా పీహెచ్‌డీ పరమాణు వర్ణపటాల మీద కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను.

పొటాషియంలో 19వ ఎలక్ట్రాన్ 3డీలో ఉంటే ఎలా ఉంటుందో ఊహించాల్సిన పని లేదు. పొటాషియం ఆవిరికి శక్తి ఇచ్చి దాన్ని 3డీలోకి ఎక్కించవచ్చు, అది ఎంత ఎత్తులో ఉందో కాంతి గీతల్ని బట్టి కొలవవచ్చు. మామూలు స్థితికన్నా 2.67 ఎలక్ట్రాన్ వోల్టులు పైన ఉంటుంది. అంటే 3డీ ఖాళీ ఉన్నమాట నిజమే, ఎలక్ట్రాన్ అక్కడికి వెళ్ళగలదు కూడా. కానీ అక్కడుంటే దాన్ని కేంద్రకం పట్టుకునే బలం 4.34 నుంచి 2.67 తీసేస్తే మిగిలేది, అంటే 1.67 మాత్రమే.

ఇప్పుడు హైడ్రోజన్‌తో పోల్చు. హైడ్రోజన్ మూడో కర్పరంలో ఎలక్ట్రాన్‌ని పట్టుకునే బలం 1.51. పొటాషియం 3డీలో 1.67. దాదాపు ఒకటే! కేంద్రకంలో 19 ప్రోటాన్లున్నా 3డీ ఎలక్ట్రాన్‌కి అది ఒకే ఒక్క ప్రోటాన్ ఉన్న హైడ్రోజన్‌లాగే కనిపిస్తోంది. ఎందుకంటే 3డీ ఎలక్ట్రాన్‌కి కోణీయ ద్రవ్యవేగం (చుట్టూ తిరిగే ఊపు లాంటిది) ఎక్కువ, అది దాన్ని లోపలికి రానివ్వదు. లోపలున్న 18 ఎలక్ట్రాన్లకి బయటే ఉండిపోతుంది. 19 ప్రోటాన్ల ఆకర్షణలో 18 వంతులు ఆ 18 ఎలక్ట్రాన్లే కప్పేస్తాయి.

4ఎస్ సంగతి వేరు. దానికి కోణీయ ద్రవ్యవేగం సున్నా. దాని మేఘంలో, అంటే ఆ ఎలక్ట్రాన్ కనిపించే అవకాశమున్న చోటులో, ఎక్కువ భాగం బయటే ఉన్నా, కొంత భాగం లోపలి ఎలక్ట్రాన్లని దాటి కేంద్రకం దాకా వెళ్తుంది. అక్కడ దానికి కప్పడాలు లేని ఆకర్షణ తగులుతుంది. ఫలితం చూడు. హైడ్రోజన్ నాలుగో కర్పరంలో బలం 0.85, పొటాషియం 4ఎస్‌లో 4.34, అయిదు రెట్లకి పైనే. మూడా, నాలుగా అన్న అంకె ఒక్కటే చూస్తే మూడు గెలవాలి. కేంద్రకం దాకా వెళ్ళగలగడం వల్ల నాలుగు గెలిచింది.

నాని_ఎంపీసీ
అక్కా, 1.51 పక్కన 1.67 చూశాక మొత్తం అర్థమైంది. ఈ రెండు అంకెలూ ఏ మెటీరియల్‌లోనూ లేవు.

లక్ష్మీప్రసన్న_టీచర్
అనఘ గారూ, వివరణ అద్భుతం, నాకూ ఉపయోగపడుతుంది. కానీ ఇది తొమ్మిదో తరగతికి కాదు. కోణీయ ద్రవ్యవేగం అన్న మాటకే క్లాసు సగం నిద్రపోతుంది. వలయాలు గీసి చుక్కలు పెట్టిస్తే వేలన్సీ వస్తుంది, వేలన్సీ వస్తే ఫార్ములాలు వస్తాయి. మా పిల్లలు అక్కడిదాకా చేరడానికే కష్టపడుతున్నారు. బస్సు ఉదాహరణలో తప్పేముంది?

అనఘ_స్పెక్ట్రా
బస్సులో సీట్లు బిగించి ఉంటాయి మేడం, ఎవరెక్కినా కదలవు. పరమాణువులో ఒక్క ప్రోటాన్ పెరిగినా మొత్తం మెట్లు జరుగుతాయి. 4ఎస్ ఎప్పుడూ సుఖం అనుకున్న పిల్లాడు పై తరగతిలో ఇనుము అయాన్ (ఎలక్ట్రాన్లు కొన్ని పోయిన ఇనుము పరమాణువు) దగ్గర చిక్కుకుంటాడు. తొమ్మిదికి ఒక్క వాక్యం చాలు: "కొన్ని ఎలక్ట్రాన్లు కేంద్రకం దగ్గరిదాకా వెళ్ళగలవు, కొన్ని వెళ్ళలేవు, వెళ్ళగలిగిన దాన్ని కేంద్రకం గట్టిగా పట్టుకుంటుంది." ఇందులో అబద్ధం లేదు, కష్టమైన మాట కూడా లేదు.

సుజాత_తణుకు
ఈ వాక్యం నోట్సులో రాసుకున్నాను.

విశ్రాంత_లెక్చరర్
ప్రసన్న గారి ఇబ్బంది నాకు తెలుసు. యాభై మంది ఉన్న క్లాసులో వలయాలు లేకుండా పాఠం నడవదు. వలయాలు గీయండి, కాకపోతే అవి ఎక్కడినుంచి వచ్చాయో చెప్పండి. 1897లో థామ్సన్ ఎలక్ట్రాన్‌ని పట్టుకున్నాడు. 1909లో మాంచెస్టర్‌లో గైగర్, మార్స్‌డెన్ పల్చటి లోహపు రేకుల మీదకి ఆల్ఫా కణాలు వదిలారు. చీకటి గదిలో మైక్రోస్కోపుకి కన్ను ఆనించి, జింక్ సల్ఫైడ్ తెర మీద మెరిసే చుక్కల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టారు. ఎక్కువ భాగం నేరుగా పోయాయి, ఏ వేలల్లో ఒకటో వెనక్కి తిరిగింది. దాన్నుంచి రూథర్‌ఫర్డ్ 1911లో కేంద్రకం ఉందని తేల్చాడు. బోర్ 1913లో వలయాలు వేశాడు, అవి హైడ్రోజన్ గీతలకి అచ్చంగా సరిపోయాయి. రెండు ఎలక్ట్రాన్లున్న హీలియం దగ్గరే ఆగిపోయాయి. ఆ కథ పదినిమిషాల్లో చెప్పేయొచ్చు.

డాలస్_శ్రీను
మా అబ్బాయి ఇక్కడ స్కూల్లో చెప్పారంటూ, పరమాణువులో 99.99 శాతానికి పైగా ఖాళీయే అన్నాడు. మరి టేబుల్ మీద చెయ్యి పెడితే లోపలికి ఎందుకు పోదు అని అడిగితే నేను ఏదో చెప్పి తప్పించుకోవాల్సి వచ్చింది. నిజంగా ఖాళీయేనా?

అనఘ_స్పెక్ట్రా
బరువు లెక్కన చూస్తే ఆ మాట సబబే శ్రీను గారూ. పరమాణువు సైజు మీటరులో వెయ్యికోట్ల వంతు ఉంటే, కేంద్రకం దానిలో పది వేల నుంచి లక్ష వంతుల్లో ఒకటి. బరువులో 99.9 శాతానికి పైగా అందులోనే. ప్రోటాన్ ఎలక్ట్రాన్ కన్నా 1836 రెట్లు బరువు మరి. కానీ మిగతా చోటంతా ఖాళీ అనడం నాకు నచ్చదు. అక్కడ ఎలక్ట్రాన్ మేఘం నిండా ఉంది. ఒకే స్థితిలో రెండు ఎలక్ట్రాన్లు ఉండలేవని పౌలీ 1925లో చెప్పాడు. మీ చేతి పరమాణువుల మేఘాలు, టేబుల్ మేఘాలు ఒకదాంట్లో ఒకటి దూరాలంటే కొన్ని ఎలక్ట్రాన్లు పై స్థితులకి ఎక్కాలి, దానికి చాలా శక్తి కావాలి. అందుకే చెయ్యి ఆగుతుంది. ఎలక్ట్రాన్ల మధ్య వికర్షణ కూడా దానికి తోడు.

నాని_ఎంపీసీ
అక్కా ఇంకోటి. 4ఎస్ మేఘం కేంద్రకం దాకా వెళ్తుందన్నావు. ప్లస్, మైనస్ ఆకర్షించుకుంటాయి. మరి ఎలక్ట్రాన్ పోయి ప్రోటాన్‌కి అతుక్కోదేం?

అనఘ_స్పెక్ట్రా
ఎలక్ట్రాన్‌ని ఎంత చిన్న చోట బంధిస్తే దాని గతిశక్తి అంత పెరుగుతుంది. హైడ్రోజన్‌లో ఆకర్షణ వల్ల కలిసొచ్చే శక్తి, ఇరుకు వల్ల పెరిగే శక్తి రెండూ 0.53 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర సరితూగుతాయి. అంతకన్నా దగ్గరికి ముడుచుకోవాలంటే బయటినుంచి శక్తి పెట్టాలి. కేంద్రకం ఉన్న చోటులో ఎలక్ట్రాన్ అసలు ఉండదని కాదు, అక్కడే స్థిరపడిపోదు.

ఇంకో మాట. కొన్ని పరమాణువుల్లో నువ్వన్నది నిజంగానే జరుగుతుంది! అదీ మన పొటాషియంలోనే. ప్రకృతిలో దొరికే పొటాషియంలో 0.0117 శాతం పొటాషియం-40. అందులో 19 ప్రోటాన్లు, 21 న్యూట్రాన్లు. దాని కేంద్రకం కొన్నిసార్లు తన లోపలి కర్పరంలోని ఎలక్ట్రాన్‌నే లాక్కుంటుంది. ఒక ప్రోటాన్ న్యూట్రాన్ అయిపోతుంది, ఒక న్యూట్రినో ఎగిరిపోతుంది, మిగిలేది ఆర్గాన్-40. నూటికి పదకొండు వంతులు ఇలా అవుతాయి. మిగతావి ఎలక్ట్రాన్‌ని బయటికి తోసి కాల్షియం-40 అవుతాయి. సగం కరగడానికి 125 కోట్ల ఏళ్ళు.

కుప్పం_కుర్రోడు
అంటే అరటిపండులో కూడా ఇది నడుస్తోందా?

అనఘ_స్పెక్ట్రా
అరటిపండులో, కొబ్బరినీళ్ళలో, నీలో కూడా. 70 కిలోల మనిషి ఒంట్లో సుమారు 140 గ్రాముల పొటాషియం ఉంటుంది, అందులో సెకనుకి నాలుగు వేలకి పైగా కేంద్రకాలు ఇలా మారుతుంటాయి. టెన్షన్ పడకు. ఒంట్లో పొటాషియం ఎంత ఉండాలో శరీరమే చూసుకుంటుంది, అరటిపండు మానేస్తే ఆగేది కాదు.

కుప్పం_కుర్రోడు
నాలుగు వేలా! మా అమ్మకి ఇప్పుడే చెప్తా.

విశ్రాంత_లెక్చరర్
అనఘమ్మా, ఇక్కడ ఒక మంచి ముడి విడిపోతుంది. ఆవర్తన పట్టికలో ఆర్గాన్ పరమాణు భారం 39.95, దాని తర్వాతున్న పొటాషియంది 39.10. బరువైనది ముందు, తేలికైనది వెనక. భారాన్ని బట్టి పేర్చిన రోజుల్లో ఇది గొంతులో ముల్లు. 1913లో మోస్లే మూలకాల ఎక్స్-కిరణాలు కొలిచి, వరస నిర్ణయించేది భారం కాదు, కేంద్రకం మీది ఆవేశం అని చూపించాడు. ఆర్గాన్ 18, పొటాషియం 19. మరి ఆర్గాన్ ఎందుకంత బరువు? గాలిలో దాదాపు ఒక శాతం ఉన్న ఆర్గాన్‌లో 99 శాతానికి పైగా ఆర్గాన్-40, అది భూమి రాళ్ళలోని పొటాషియం-40 నుంచి కోట్ల ఏళ్ళుగా పుట్టుకొచ్చింది. మోస్లే 1915లో గలిపోలీ యుద్ధంలో చనిపోయాడు. వయసు 27. ఆ పేరు పిల్లలకి తప్పకుండా చెప్పాలి.

సుజాత_తణుకు
ఇన్నేళ్ళూ ఆ రెండు భారాలూ పక్కపక్కనే చూస్తూ ఉన్నాను, గాలిలో ఆర్గాన్ పొటాషియం బిడ్డ అని ఎవరూ చెప్పలేదు.

లక్ష్మీప్రసన్న_టీచర్
ఐసోటోపుల (ఒకే మూలకంలో న్యూట్రాన్ల సంఖ్య వేరైన పరమాణువుల) దగ్గర పిల్లలకి నేను చెప్పేది: న్యూట్రాన్లు మారితే బరువు మారుతుంది, ఎలక్ట్రాన్లు మారవు కాబట్టి రసాయన ధర్మాలు మారవు. ఇందులో ఎవరికీ అభ్యంతరం ఉండదనుకుంటా.

రాఘవ_మణుగూరు
నాకుంది మేడం. ధర్మాలు అచ్చంగా ఒకటే అయితే మా మణుగూరులో భారజల కర్మాగారం నడిచేదే కాదు. నేను అక్కడ ఆపరేషన్స్‌లో పనిచేశాను. గోదావరి నీళ్ళలో ప్రతి ఆరేడు వేల హైడ్రోజన్లకి ఒకటి డ్యుటీరియం, అంటే కేంద్రకంలో ప్రోటాన్‌తో పాటు ఒక న్యూట్రాన్ ఉన్నది. మామూలు హైడ్రోజన్ బదులు అది ఉన్న నీరే భారజలం. దాన్ని వేరుచేయడానికి నీటినీ హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువునీ టవర్లలో ఎదురెదురుగా పంపిస్తాం. 30 డిగ్రీల దగ్గర డ్యుటీరియం వాయువుని వదిలి నీటిలోకి వెళ్ళడానికి ఎక్కువ మొగ్గు చూపుతుంది. 130 దగ్గర ఆ మొగ్గు తగ్గి వాయువులోకి వస్తుంది. చల్లటి టవరు, వేడి టవరు, మళ్ళీ మళ్ళీ అదే. ఆ చిన్న తేడా మీదే ప్లాంటంతా నిలబడింది. ఒక్క న్యూట్రాన్‌తో బరువు రెట్టింపయ్యేది హైడ్రోజన్‌కే, అందుకే తేడా అక్కడ బాగా కనిపిస్తుంది. భారజలం 3.8 డిగ్రీలకే గడ్డకడుతుంది, ఆ గడ్డ మామూలు నీళ్ళలో మునిగిపోతుంది.

లక్ష్మీప్రసన్న_టీచర్
మునిగే ఐస్! ఇది క్లాసులో చెప్తాను. "దాదాపు ఒకటే, హైడ్రోజన్‌లో తేడా తెలుస్తుంది" అని పాఠం చెప్పేటప్పుడు ఒక మాట చేరుస్తా. యురేనియం లాంటి వాటికి మాత్రం నా వాక్యం చాలు.

శేఖర్_మౌలాలి
రాఘవ గారు ఐసోటోపుల తేడా చెప్పారు, నేను దానికి తిరగేసింది చెప్తా. హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో జిర్కోనియం వైపు ఉండేవాడిని. జిర్కోనియం 40వ మూలకం, హాఫ్నియం 72. మధ్యలో 32 ప్రోటాన్ల దూరం. అయినా బయటి ఎలక్ట్రాన్ల అమరిక ఒకేలా ఉండటం, సైజు దాదాపు ఒకటే కావడం వల్ల రసాయనాలకి ఆ రెంటికీ తేడా తెలియడం మహా కష్టం. జిర్కాన్ ఇసుకలో హాఫ్నియం రెండు శాతం లెక్కన దాక్కుని ఉంటుంది. 1923లో కోపెన్‌హాగన్‌లో దాన్ని కనిపెట్టింది కూడా మాస్టారు చెప్పిన మోస్లే పద్ధతిలో, ఎక్స్-కిరణాలతోనే.

కానీ కేంద్రకం దగ్గరికొచ్చేసరికి అవి రెండూ వేరే లోకాలు. ఇంధన గొట్టానికి జిర్కోనియం ఎందుకంటే అది న్యూట్రాన్లని దాదాపు తాకకుండా వదిలేస్తుంది. హాఫ్నియం అయిదారు వందల రెట్లు ఎక్కువ మింగుతుంది. గొట్టంలో అది మిగిలితే రియాక్టరుకి న్యూట్రాన్లు చాలవు. అందుకని ద్రావకాలతో ఎన్నో దశల్లో కడిగి హాఫ్నియాన్ని తీసేస్తారు. పరమాణువులో ఎలక్ట్రాన్ల పని వేరు, కేంద్రకం పని వేరు అని నాకు ఒంటికి పట్టింది ఆ పనిలోనే.

డాలస్_శ్రీను
శేఖర్ గారి పోస్టు మా అబ్బాయికి చదివి వినిపించాను. వాడికి తెలుగు చదవడం రాదు, వింటే తెలుస్తుంది. న్యూట్రాన్ వేటితో తయారైందని అడుగుతున్నాడు.

విశ్రాంత_లెక్చరర్
క్వార్కులతో అని చెప్పండి. ప్రోటాన్‌లో రెండు అప్, ఒక డౌన్. న్యూట్రాన్‌లో ఒక అప్, రెండు డౌన్. అప్‌ది మూడింట రెండు వంతుల ధనావేశం, డౌన్‌ది మూడింట ఒక వంతు రుణావేశం, కూడి చూసుకోమనండి. న్యూట్రాన్‌ని 1932లో చాడ్విక్ కనిపెట్టాడు. తర్వాత లివర్‌పూల్‌లో ఆయన దగ్గర పరిశోధన చేసిన మన తెలుగువారు స్వామి జ్ఞానానంద. విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతిక శాస్త్రానికి పునాది వేసింది ఆయనే. అక్కడి ప్రయోగశాలలకి ఆయన పేరే పెట్టారు. అబ్బాయికి ఆ సంగతీ చెప్పండి.

నాని_ఎంపీసీ
అనఘక్కా, పైన ఇనుము అయాన్ దగ్గర చిక్కుకుంటారన్నావు. నేను చిక్కుకునే ఉన్నా. నింపేటప్పుడు 4ఎస్ ముందు, తీసేటప్పుడు కూడా 4ఎస్ ముందు. ఇదెలా?

అనఘ_స్పెక్ట్రా
సరిగ్గా 19 ఎలక్ట్రాన్లే ఉన్న మూడింటిని తీసుకో: పొటాషియం, ఒకటి పోయిన కాల్షియం, రెండు పోయిన స్కాండియం. ఎలక్ట్రాన్లు సమానం, ప్రోటాన్లు 19, 20, 21. పొటాషియంలో 3డీ 4ఎస్ కన్నా 2.67 పైన ఉంది. కాల్షియం అయాన్‌లో 1.69 పైన. స్కాండియం అయాన్‌లో 3డీయే కిందకి వచ్చేసింది, 4ఎస్ దానికన్నా 3.17 పైన ఉంది. ప్రోటాన్లు పెరిగేకొద్దీ, పై ఎలక్ట్రాన్లు పోయేకొద్దీ 3డీ మేఘం లోపలికి ముడుచుకుని గట్టిగా పట్టుబడుతుంది. ఇనుము వచ్చేసరికి ప్రోటాన్లు 26. అందుకే ముందు 4ఎస్ రెండూ పోతాయి, తర్వాత 3డీలో ఒకటి పోతే ఫెర్రిక్ అయాన్‌కి 3డీలో 5 మిగులుతాయి. ఆ బాణాల బొమ్మ పొటాషియం, కాల్షియం దగ్గర నింపడానికి పనికొస్తుంది, అయాన్లకి వాడకు.

నాని_ఎంపీసీ
2.67, 1.69, ఆ తర్వాత తిరగబడి 3.17. రాసుకున్నా. క్రోమియంలో 3డీ 5, 4ఎస్ 1 రావడం కూడా ఇందుకేనా?

అనఘ_స్పెక్ట్రా
క్రోమియంలో రెండు మెట్లూ బాగా దగ్గరగా వచ్చేస్తాయి, అప్పుడు ఎలక్ట్రాన్ల మధ్య వికర్షణ కూడా లెక్కలోకి వస్తుంది. 4ఎస్‌లో ఇద్దరు ఇరుక్కోవడం కన్నా 3డీలో అయిదు తలో ఆర్బిటాల్‌లో ఒకే స్పిన్‌తో ఉండటం చవక. రాగిలో 3డీ పూర్తిగా పదికి నిండి 4ఎస్‌లో ఒకటే మిగులుతుంది. దీనికి వేరే దారం తెరువు, శుక్రవారం రాత్రి అంకెలతో రాస్తా.

సుజాత_తణుకు
ఆ దారం లింకు ఇక్కడ పెట్టండి నానీ. ఈలోగా మాస్టారి అయనీకరణ పట్టికలో మెగ్నీషియం, అల్యూమినియం విలువలు కూడా ఎవరైనా ఇస్తే పిల్లలకి హోంవర్క్ ఇస్తాను.

విశ్రాంత_లెక్చరర్
మెగ్నీషియం: 7.65, 15.04, 80.1. అల్యూమినియం: 5.99, 18.8, 28.4, 120. పేర్లు రాయకుండా అంకెలు మాత్రమే ఇవ్వండి, ఏది ఏ గ్రూపులోదో వాళ్ళనే కనుక్కోమనండి.